రీఫ్ తొట్టెలో మడ మొక్క: చేయవలసినవి, చేయకూడనివి

మడ మొక్క నీటిని శుభ్రం చేస్తుందన్నది అబద్ధం కాదు. ఎంత శుభ్రం చేస్తుందో, ఎన్నాళ్లకు చేస్తుందో తెలుసుకోకుండా తొట్టెలో పెట్టినవాళ్లకే ఇబ్బంది. ఇంట్లో పగడాలుండే సముద్రపు తొట్టె, అంటే రీఫ్ తొట్టె, పెంచేవాళ్లు, ముఖ్యంగా అమెరికాలో ఉంటూ ఈ అభిరుచిలోకి వచ్చిన మన కుటుంబాలవాళ్లు, మడ మొక్కను చూడగానే ముచ్చటపడతారు. నీటి మీద పచ్చటి దళసరి ఆకులు, నీళ్లలోకి దిగిన ఊతవేళ్లు, వాటి సందుల్లో తిరిగే చిన్న చేపలు చూస్తే ఎవరికి మాత్రం మనసు పడదు? ఆ అందం నిలవాలంటే, దాని వల్ల చేపలకూ పగడాలకూ ఇంట్లోవాళ్లకూ కీడు జరగకూడదంటే, కొన్ని పనులు తప్పకుండా చేయాలి. కొన్ని ఎన్నటికీ చేయకూడదు.

దేన్ని నమ్ముకోవాలి

ఈ అభిరుచిలో ఎక్కువగా చేతులు మారేది ఫ్లోరిడా, కరీబియన్ తీరాల ఎర్ర మడ. శాస్త్రీయ నామం రైజోఫోరా మాంగిల్. మన కోరింగ మడ అడవుల్లో ఉప్పు పొన్న అనే చెట్టు కూడా ఈ రైజోఫోరా ప్రజాతిలోదే. ఎర్ర మడ నీటిలోని నైట్రేట్‌నూ ఫాస్ఫేట్‌నూ వేళ్లతో పీల్చుకుని ఒళ్లు పెంచుకుంటుంది. ఎంత ఒళ్లు పెరిగితే అంత మలినమే నీటిలోంచి పోయినట్టు. చిక్కు అక్కడే ఉంది. ఎర్ర మడ చాలా నిదానంగా పెరుగుతుంది. కొత్త ఆకుల జత ఒకటి విప్పడానికే వారాలు పడుతుంది. అదే సంప్‌లో, అంటే తొట్టె నీళ్లు దిగే కింది పెట్టెలో, కీటోమార్ఫా నాచు వేస్తే కొద్ది వారాల్లోనే గుబురుగా అల్లుకుంటుంది. గుప్పెళ్లకొద్దీ తీసి పారేస్తే ఆ మేరకు మలినం ఇంటి బయటికి పోతుంది. నాలుగు మడ మొక్కలు ఈ పని చేయలేవు.

వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ సంస్థలో వాల్టర్ ఏడీ అనే శాస్త్రవేత్త 1980ల్లోనే గాజు పైకప్పు కింద ఫ్లోరిడా మడ నేలను తిరిగి కట్టి చూపించారు. మడ చెట్లను అంత దగ్గరగా ఎరిగిన ఆ మనిషి నీటి శుద్ధికి ప్రధానంగా నమ్ముకున్నది మాత్రం నాచునే. వెలుతురు కింద జాలీ మీద నాచు పెంచి, గీకి తీసేసే పద్ధతి ఆయన పేరుతోనే ప్రచారంలోకి వచ్చింది. మడ మొక్కను సాయానికి పిలవండి, బరువంతా దాని మీద మోపకండి.

కాబట్టి మొక్కలు తెచ్చిన రోజున, మలినాన్ని నురగగా లాగే ప్రోటీన్ స్కిమ్మర్‌ను తీసేయకండి. నీళ్లు మార్చడం మానకండి. చేపల సంఖ్య పెంచకండి. కొత్త తొట్టెలో అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా రాళ్లలో, ఇసుకలో స్థిరపడటానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మడ మొక్క ఉంది కదా అని ఆ గడువు కుదించి చేపల్ని వదలడం ఆ చేపల ప్రాణంతో ఆడుకోవడమే. అమ్మోనియా, నైట్రేట్, ఫాస్ఫేట్ పరీక్షలు వారం వారం చేస్తూ ఉండండి. మొక్క పచ్చగా ఉన్నంత మాత్రాన నీళ్లు బాగున్నాయని కాదు. నైట్రేట్ ఎక్కువైన మురికి నీటిలోనే మడ ఇంకా పచ్చగా కనిపించవచ్చు.

ఇంకో అపోహ కూడా ప్రమాదకరమైనదే. చెట్టు ఉంటే నీటికి ప్రాణవాయువు అందుతుందని చాలామంది అనుకుంటారు. నాచుకు అది వర్తిస్తుంది, మడకు వర్తించదు. మడ ఆకులు నీటి పైన, గాలిలో ఉంటాయి. బొగ్గుపులుసు వాయువును గదిలోని గాలి నుంచే తీసుకుని, ప్రాణవాయువునూ అక్కడికే వదులుతాయి. నీటికి దక్కేదేమీ ఉండదు. కరెంటు పోయినప్పుడు మడ మొక్కలు చేపల్ని కాపాడవు. బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి ఎప్పుడూ చార్జింగ్‌లో ఉంచండి. ఇన్వర్టర్ ఉన్న ఇళ్లలో ముందు నీటిని కదిలించే పంపుకు కరెంటు ఇవ్వండి, మొక్కల లైటు తర్వాత చూసుకోవచ్చు.

కాయ దొరకడం, నాటడం

మడ గింజకు ఓ విశేషముంది. చెట్టు మీద ఉండగానే మొలకెత్తి, పొడవుగా ములక్కాడ ముక్కలా వేలాడి, పక్వానికి వచ్చాక రాలుతుంది. అమ్మేది ఈ మొలకకాయనే. కొనేటప్పుడు గట్టిగా, బరువుగా ఉన్నదాన్ని తీసుకోండి. మెత్తబడినది, ముడతలు పడినది, పైమొగ్గ విరిగినది వద్దు. పైమొగ్గ పోతే ఆ కాయ చాలా వరకు పోయినట్టే.

నాటేటప్పుడు ఏ కొస కిందికో తేల్చుకోండి. సన్నటి, ఆకుమొగ్గ ఉన్న కొస పైకి ఉండాలి. వేళ్లు వచ్చే కొస నీటిలోకి వెళ్లాలి. వేళ్ల కొసను రెండు మూడు సెంటీమీటర్లు మునిగేలా ఆనిస్తే చాలు. మొదట్లో స్పాంజి ముక్కకు గాటుపెట్టి అందులో ఇరికిస్తే వేళ్లు వచ్చేదాకా నిలబడుతుంది. తర్వాత చిల్లులున్న ప్లాస్టిక్ కుండీలో, ముతక ఇసుకో చిన్న రాళ్లో పోసి పెట్టండి. మొగ్గ ఎన్నడూ నీట మునగకూడదు.

మొక్క మంచినీటిలో పెరిగిందా, ఉప్పునీటిలోనా అని అమ్మేవాళ్లను అడగండి. నర్సరీలో మంచినీటిలో పెంచిన మొక్కను నేరుగా లీటరుకు 35 గ్రాముల ఉప్పున్న రీఫ్ నీటిలో పెడితే ఆకులన్నీ రాల్చేస్తుంది. వేరే బకెట్లో వారాల మీద కొద్దికొద్దిగా ఉప్పు పెంచుకుంటూ రండి. బకెట్ అనడంలో ఇంకో ఉద్దేశం ఉంది. కొత్త మొక్కతో పాటు పీతపిల్లలు, నత్తలు, చిన్న ఎనిమోన్లు వేళ్లను పట్టుకుని వస్తాయి. బకెట్లో ఉన్న రోజుల్లో వాటిని చూసి ఏరేయవచ్చు. ఐప్టేసియా అనే ఆ చిన్న ఎనిమోన్ ఒక్కటి రీఫ్ తొట్టెలో చేరితే దాన్ని వదిలించుకోవడం నెలల పని.

వేళ్లూనిన మొక్కను మాటిమాటికీ పీకి చోటు మార్చకండి. నీటి మట్టం కూడా పెంచుతూ తగ్గిస్తూ ఉండకండి. ఊతవేళ్ల మీద గాలి పీల్చే సన్నటి రంధ్రాలుంటాయి. అవి నిత్యం మునిగిపోతే వేరుకు ఊపిరాడదు. ఆవిరైన నీటిని రోజూ నింపాలి, అదీ ఆర్వో నీటితోనే. ఆవిరైపోయేది నీరు మాత్రమే, ఉప్పు తొట్టెలోనే మిగిలిపోతుంది. ఉప్పునీటినే మళ్లీ పోస్తే తొట్టె రోజురోజుకూ చిక్కబడుతుంది. మడ తట్టుకుంటుంది. పగడం తట్టుకోదు.

లోతైన బురదలో, ఇసుకలో నాటాలని కొందరికి ఆశ. మడ అడవి అంటే బురదే కదా! నిజమే, కానీ ఇంటి తొట్టెలో పది పదిహేను సెంటీమీటర్ల మెత్తటి బురద అడుగున గాలి చొరబడక, కుళ్లిన గుడ్డు వాసన వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. కదపనంత కాలం అది అక్కడే ఉంటుంది. ఏడాది పెరిగిన మడ మొక్కను ఒక్క గుంజుతో పీకితే ఆ నల్లటి బురదంతా లేచి చేపలకు ఊపిరాడదు. అందుకే విడి కుండీలో పెంచమని నా గట్టి సలహా. కుండీ అయితే వేళ్లతో సహా పైకి ఎత్తేయవచ్చు. ఇప్పటికే బురదలో నాటి ఉంటే పీకకండి, నీటి మట్టానికి పైన కాండం కోసేసి వేళ్లను అక్కడే వదిలేయండి. అవి నెమ్మదిగా కుళ్లుతాయి కాబట్టి నైట్రేట్ మీద ఓ కన్నేసి ఉంచితే చాలు.

కరెంటు: అన్నిటికంటే ముందు

ఈ వ్యాసంలో ఒక్క భాగమే చదివే తీరిక ఉంటే ఇదే చదవండి. మడ మొక్క కోసం తొట్టె మూత తీసేస్తాం. నీటికి పైన లైటు వేలాడదీస్తాం. ఆకుల మీద నీళ్లు చిమ్ముతాం. ఈ మూడూ కలిసిన చోట ఉప్పునీళ్లు, కరెంటు ఒకదానికొకటి జానెడు దూరంలోకి వస్తాయి. ఉప్పునీటిలో కరెంటు మంచినీటిలో కంటే ఎన్నో రెట్లు సులువుగా పారుతుంది.

క్లిప్పు పెట్టి తొట్టె అంచుకు తగిలించే లైట్లు చవక. వాటిని వాడకండి. స్ప్రింగు వదులైనా, పిల్లాడి మోచెయ్యి తగిలినా, మొక్క పెరిగి ఆకు నెట్టినా లైటు నేరుగా నీళ్లలో పడుతుంది. లైటును గోడకో పైకప్పుకో మేకు కొట్టి, గొలుసుతో వేలాడదీయండి. దానికి తోడు రెండో తాడు కూడా కట్టండి, ఒకటి తెగినా ఇంకోటి పట్టుకుంటుంది. తుంపర్లు తట్టుకునే ఐపీ65 రకం ఎల్ఈడీ, 6500 కెల్విన్ దగ్గరి పగటి వెలుతురు, రోజుకు పది పన్నెండు గంటలు చాలు. ఆకుకూ లైటుకూ కనీసం ఒక అడుగు ఎడం ఉంచండి. మొక్క పెరిగేకొద్దీ లైటు పైకి జరపాలి.

వైర్లన్నీ ప్లగ్గుకు వచ్చేముందు ఒకసారి ప్లగ్గు కంటే కిందికి వంపు తిరిగి పైకి రావాలి. వైరు వెంట జారే నీటి బొట్టు ఆ వంపు దగ్గరే నేల మీద రాలిపోతుంది, ప్లగ్గులోకి పోదు. ఎక్స్‌టెన్షన్ బాక్సును నేల మీద, తొట్టె కింద, సంప్ పక్కన పెట్టకండి. గోడకు ఎత్తులో బిగించండి.

మన ఇళ్లలో మీటరు దగ్గర ఎంసీబీ ఉంటే సరిపోతుందనుకుంటాం. ఎంసీబీ ఎక్కువ లోడు నుంచి, షార్టు సర్క్యూట్ నుంచి వైరింగును కాపాడుతుంది, షాకు నుంచి మనిషిని కాపాడదు. మనిషిని కాపాడేది 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ. తొట్టె ఉన్న సర్క్యూట్‌కు అది ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి, లేకపోతే పెట్టించండి. నెలకోసారి దాని టెస్టు బటన్ నొక్కి పడుతుందో లేదో చూడండి. అమెరికాలో అదే పని చేసేది జీఎఫ్‌సీఐ సాకెట్. అద్దె ఇంట్లో హాలు గోడకు ఆ సాకెట్ లేకపోతే, ప్లగ్గుకు తగిలించుకునే జీఎఫ్‌సీఐ అడాప్టర్లు దొరుకుతాయి. రెండు పిన్నుల ప్లగ్గుకు ఎర్తు ఉండదన్నది గుర్తుపెట్టుకోండి. పరికరానికి ఎర్తు పిన్ను ఉంటే దాన్ని విరగ్గొట్టి రెండు పిన్నుల సాకెట్‌లో దూర్చడం మహాపాపం.

ఆకుల మీద నీళ్లు చిమ్మేముందు లైటు స్విచ్చు ఆపండి. చెయ్యి నీళ్లలో పెట్టేముందు పంపులు, హీటరు, లైట్లు అన్నీ ప్లగ్గు తీసేయండి. హీటరును ఆపిన వెంటనే నీళ్లలోంచి బయటికి తీయకండి. పావుగంట ఆగకపోతే వేడి గాజు పగులుతుంది. ప్లగ్గుల మీద, బాక్సుల మీద తెల్లగా ఉప్పు పేరుకుంటూ ఉంటుంది. వారానికోసారి, ప్లగ్గు తీసేసి, పొడిగుడ్డతో తుడవండి. ఆ ఉప్పు గాలిలోని తేమను పీల్చి కరెంటుకు దారి చేస్తుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్లలో వర్షాకాలం ఇది మరీ ఎక్కువ.

తొట్టె దగ్గర ఎవరికైనా షాకు తగిలితే వాళ్లను పట్టుకోకండి. ముందు మెయిన్ ఆపండి. ఆ తర్వాతే ముట్టుకోండి. స్పృహ లేకపోతే 108కి, అమెరికాలో 911కి ఫోన్ చేయండి. ఇంట్లో పెద్దవాళ్లకూ, పనిమనిషికీ మెయిన్ స్విచ్చు ఎక్కడుందో ఈరోజే చూపించండి.

ఆకు రాలితే, వేరు పాకితే

నీటిలోంచి తీసుకున్న మలినాన్ని మొక్క ఆకుల్లో దాచుకుంటుంది. ఆ ఆకు రాలి నీళ్లలో కుళ్లితే అదంతా మళ్లీ నీటిలోకే. దానితో పాటు టానిన్లు దిగి నీళ్లు డికాషన్ రంగుకు తిరుగుతాయి. పగడాలకు చేరే వెలుతురు తగ్గుతుంది. కాబట్టి రాలిన ఆకును ఆరోజే తీసేయండి. పసుపురంగు తిరిగిన ఆకును రాలకముందే తుంచడం ఇంకా మేలు. నీళ్లు రంగు తిరిగితే యాక్టివేటెడ్ కార్బన్ సంచి సంప్‌లో వేయండి, నెలకోసారి మార్చండి.

రాలిన ఆకుతో ఇంకో ప్రమాదం ఉంది. తొట్టె నుంచి సంప్‌కు నీళ్లు దిగే దారికి అది అడ్డం పడిందంటే పైన పంపు నింపుతూనే ఉంటుంది, కింద దిగడం ఆగిపోతుంది. తొట్టె పొర్లుతుంది. రాత్రిపూట ఇలా జరిగితే తెల్లవారేసరికి హాలంతా ఉప్పునీళ్లు, ఆ నీళ్లలో ఎక్స్‌టెన్షన్ బాక్సు. దిగే దారికి పెద్ద కన్నుల జాలీ బిగించండి. ఒక గొట్టం మూసుకుపోయినా ఇంకోటి పనిచేసేలా అదనపు గొట్టం పెట్టించండి. పంపు ఆపితే పైనుంచి వెనక్కి దిగే నీళ్లన్నీ పట్టేటంత ఖాళీ సంప్‌లో ఉంచండి. ఇది ఊహించి వదిలేయకండి. మీరు ఎదురుగా ఉన్నప్పుడు ఓసారి పంపు ఆపి చూడండి.

వేళ్లు కూడా ఊరుకోవు. పంపు నోట్లోకి, గొట్టాల కీళ్లలోకి పాకుతాయి. రాళ్ల కింద దూరి పెరుగుతూ పెరుగుతూ రాళ్లను కదుపుతాయి. కదిలిన రాయి జారి అద్దం మీద పడితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. అందుకే ఎర్ర మడను పగడాలున్న పెద్ద తొట్టెలో కాకుండా సంప్‌లో విడి గదిలో, కుండీలో ఉంచమంటాను. మూణ్నెల్లకోసారి కుండీ ఎత్తి, చిల్లుల్లోంచి బయటికి వచ్చిన వేళ్లను శుభ్రమైన కత్తెరతో కత్తిరించండి. ఒకేసారి మూడో వంతుకు మించి కత్తిరించకండి.

పైన కత్తిరించడంలో మరీ జాగ్రత్త. వేపనో మందారనో నరికినట్టు రైజోఫోరాను నరకకూడదు. దాని ముదురు కాండానికి మళ్లీ చిగురించే శక్తి లేదు. లేత కొసలు మాత్రమే తుంచండి, కింద ఆకులు మిగలాలి. ఆకులన్నీ పోయిన మోడు మళ్లీ లేవదు, నీళ్లలో కుళ్లుతుంది.

చిమ్మేవి, కాల్చేవి

ఆకుల మీద మంచినీళ్లు చిమ్మడం అలవాటు చేసుకోండి, రెండు మూడు రోజులకోసారి. ఎర్ర మడ ఉప్పును చాలా వరకు వేరు దగ్గరే ఆపేస్తుంది. నల్లమడ, తెల్లమడల అవిసీనియా ప్రజాతి మాత్రం పీల్చుకున్న ఉప్పును ఆకుల మీదికి తోసేస్తుంది, తెల్లటి పలుకులు కంటికే కనిపిస్తాయి. ఏ రకమైనా తొట్టె నుంచి ఎగిరే తుంపర్ల ఉప్పు, దుమ్ము ఆకుల మీద పేరుకుంటాయి కనుక కడగడం మేలే. చిమ్మే సీసా కొత్తదై ఉండాలి. ఒకప్పుడు అద్దాలు తుడిచే మందో, బాత్‌రూమ్ మందో పోసిన సీసా ఎంత కడిగినా పనికిరాదు. ఇత్తడి నాజిల్ ఉన్నదీ వద్దు. రాగి కొద్దిగా నీటిలో కలిసినా రొయ్యలకూ నత్తలకూ పగడాలకూ విషమే.

మడ ఆకుల కింద పిండినల్లి, పొలుసు పురుగు పడతాయి. అప్పుడు ఏ పురుగుమందూ కొట్టకండి. వేపనూనె కూడా తొట్టె మీద కొట్టకండి. కుండీని బయటికి ఎత్తుకెళ్లి, తడిగుడ్డతో ఒక్కో ఆకు తుడిచి, ధారగా నీళ్లు పోసి కడిగి తిరిగి పెట్టండి. కుండీలో పెంచమన్నందుకు ఇది ఇంకో కారణం.

మన ఇళ్లలో ఎవరూ ఆలోచించని విషం ఇంకోటుంది, దోమల మందు. గోడకు గుచ్చే లిక్విడ్, కాయిల్, బొద్దింకల స్ప్రే: వీటిలో చాలావాటిలో ఉండేది పైరెథ్రాయిడ్ జాతి మందే. మనుషులకు పెద్దగా హాని చేయని మోతాదులోనే అది చేపల్ని, అంతకంటే రొయ్యల్ని, పీతల్ని చంపుతుంది. మూతలేని మడ తొట్టె మీదికి అది నేరుగా దిగుతుంది. స్కిమ్మరూ గాలి పంపూ గదిలోని గాలిని పీల్చి నీళ్లలోకి పంపుతాయి కూడా. తొట్టె ఉన్న గదిలో వీటిని వాడకండి. కిటికీలకు దోమతెర కొట్టించండి, పడకకు దోమతెర కట్టుకోండి. అపార్ట్‌మెంట్‌లో పొగ కొట్టడానికి వస్తే కిటికీలు మూసి, తొట్టె మీద తడిపిన మందపాటి దుప్పటి కప్పి, పొగ పూర్తిగా పోయేదాకా స్కిమ్మరూ గాలి పంపూ ఆపి, నీటిలో తిరిగే పంపును మాత్రం నడవనివ్వండి.

యూరియా, డీఏపీ, కుండీ మొక్కల టానిక్కులు మడకు వేయకండి. అది తినేదే తొట్టెలోని మలినం. ఆకులు పాలిపోతే మెగ్నీషియం చూసుకోండి. రీఫ్ తొట్టెలో లీటరుకు సుమారు 1250 నుంచి 1350 మిల్లీగ్రాములు ఉండాలి. తగ్గితే తొట్టెకు వేసే మెగ్నీషియమే చాలు, మొక్కకు వేరే అక్కర్లేదు.

చేతులు, కళ్లు, ఊపిరి

చేతిమీద గాటు, గోరుచుట్టు, పగిలిన చర్మం ఉన్నప్పుడు తొట్టెలో చెయ్యి పెట్టకండి. మైకోబాక్టీరియం మెరైనం అనే సూక్ష్మజీవి చేపల తొట్టెల్లో ఉంటుంది. గాటు ద్వారా దూరి, వారాల తర్వాత ఎర్రటి గడ్డలుగా, మానని పుండ్లుగా బయటపడుతుంది. అప్పటికి చేపల తొట్టె సంగతి మనకు గుర్తుండదు. డాక్టరుకు చెప్పకపోతే ఆయనకు తోచదు, ఏవో మామూలు మందులు రాస్తారు. కాబట్టి చేతిమీద మానని గడ్డ లేస్తే మొదటి మాటే ‘మా ఇంట్లో సముద్రపు తొట్టె ఉంది’ అని చెప్పండి. మోచేతిదాకా వచ్చే తొడుగులు వాడండి. నీళ్లు లాగడానికి గొట్టాన్ని నోటితో పీల్చకండి.

మడ వేళ్ల మీద జోయాంథిడ్లు అనే రంగురంగుల పగడపు బంధువులను అతికించడం అందంగా ఉంటుంది. అందులో కొన్నిటిలో, ముఖ్యంగా పాలిథోవాల్లో, పాలీటాక్సిన్ అనే విషం ఉంది. సముద్రంలో దొరికే అతి తీవ్రమైన విషాల్లో అదొకటి. హవాయిలో దొరికిన ఒక పాలిథోవా నుంచి దాన్ని వేరుచేసిన సంగతి 1971లో ప్రచురితమైంది. అమెరికాలోని అలాస్కాలో 2012–2014 మధ్య అక్వేరియం దుకాణాల్లో, ఇళ్లలో ఈ విషం పీల్చినట్టు అనుమానించిన కేసుల మీద అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం 2015లో నివేదిక వెలువరించింది. ఇది పుస్తకాల్లో మాత్రమే ఉన్న భయం కాదు.

అందుకని జోయాంథిడ్లు పట్టిన రాయినో వేరునో మరిగే నీళ్లలో వేయకండి, ఆవిరి పట్టకండి, బ్రష్‌తో పొడిగా గీకకండి. వేడికి ఈ విషం నశించదు, ఆవిరితో కలిసి గదిలో పరుచుకుంటుంది. కత్తిరించాల్సి వస్తే తొడుగులు, కళ్లద్దాలు పెట్టుకుని, నీళ్లలో ఉంచే కత్తిరించండి. పిల్లల్ని, పెంపుడు కుక్కను గదిలోకి రానివ్వకండి. ఆ తర్వాత నోట్లో చేదుగానో లోహం నాకినట్టో రుచి తగిలినా, దగ్గు, జ్వరం, ఒళ్లునొప్పులు, ఆయాసం వచ్చినా వెంటనే బయటి గాలిలోకి వెళ్లి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి. పాలీటాక్సిన్ అన్న మాట కాగితం మీద రాసి డాక్టరుకు ఇవ్వండి. చాలామంది డాక్టర్లకు ఇది కొత్త.

మన తీరంలో, మన చట్టంలో

ఆంధ్ర తీరంలో ఉన్నవాళ్లకు ఒక ఆలోచన రావచ్చు: కోరింగ పక్కనే ఉంది, వెళ్లి నాలుగు కాయలు ఏరుకొస్తే పోలా? ఆ పని చేయకండి. కోరింగ 1978 నుంచీ వన్యప్రాణి అభయారణ్యం. అక్కడి నుంచి మొక్క కానీ, కాయ కానీ తేవడం నేరం. అభయారణ్యం బయటున్న మడ నేలలకు కూడా తీరప్రాంత నియంత్రణ నిబంధనల్లో గట్టి రక్షణ ఉంది. ఒడిశాలో 1999 పెనుతుపాను తర్వాత కేంద్రపడా జిల్లా గ్రామాల మీద జరిగిన పరిశీలన, ముందు మడ అడవి ఎక్కువ ఉన్న ఊళ్లలో చావులు తక్కువని తేల్చింది. అలాంటి అడవి నుంచి ఒక్క కాయ కూడా మన హాలు అలంకారానికి రాకూడదని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. ఫ్లోరిడాలోనూ 1996 నాటి మడ సంరక్షణ చట్టం ఉంది, తీరంలో కనిపించిన మొక్కను కత్తిరించే ముందు అక్కడి నిబంధనలు తెలుసుకోండి. నర్సరీలో పెంచిన కాయలే, బిల్లుతో కొనండి.

చట్టం సంగతి పక్కన పెట్టినా, తెలియనివాళ్లు మడలోకి దిగడం మంచిది కాదు. ఉప్పు పొన్న పక్కనే తిల్ల చెట్టు ఉంటుంది. దాని పాలు కంట్లో పడితే చూపు పోయినంత పనవుతుంది, ఒంటి మీద పడితే బొబ్బలు లేస్తాయి. ఆ పాలు తొట్టెలో కలిస్తే చేపలు బతకవు. అక్కడి బురదలో రొయ్యల చెరువుల నుంచి వచ్చిన మందులు, తెల్లమచ్చ వైరస్ మోసే పీతలు ఉండవచ్చు. ఆ బురదను ఇంటికి తెచ్చి తొట్టెలో పోయకండి.

పగడాల విషయంలో భారతదేశంలో ఉన్నవాళ్లకు ఇంకో హెచ్చరిక. 2001 నుంచి రాతి పగడాలన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి, పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది. సముద్ర గుర్రాలు కూడా ఆ రక్షణలోనే ఉన్నాయి. హైదరాబాద్‌లో దుకాణంవాడు ‘ఏం కాదు సార్’ అన్నా తీసుకోకండి. సిరామిక్‌తో చేసిన రాళ్లు, చట్టబద్ధంగా పెంచిన క్లౌన్ చేపలు, సంప్‌లో నర్సరీ మడ మొక్కలు: ఇంతటితోనే చక్కటి తొట్టె అవుతుంది.

వద్దనుకున్నప్పుడు

మొక్క తొట్టెను మించి పెరిగిందనో, ఇల్లు మారుతున్నామనో మడను తీసుకెళ్లి సముద్రపు ఒడ్డున నాటి రాకండి. 1902లో హవాయిలోని మొలోకాయ్ దీవిలో ఒడ్డు నేల కొట్టుకుపోకుండా ఉండాలని ఎర్ర మడను నాటారు. మంచి ఉద్దేశంతోనే నాటారు. అది దీవి దీవికీ పాకి, అక్కడి పాత చేపల చెరువులను, నీటిపక్షుల మేత నేలలను కమ్మేసింది. ఈరోజుకీ అక్కడ దాన్ని పీకుతూనే ఉన్నారు. తొట్టె నాచు సంగతీ అంతే. కాలర్పా అనే అక్వేరియం నాచు 1984లో మొనాకో దగ్గర మధ్యధరా సముద్రంలో కనిపించి, పెద్ద మేర అడుగునేలను కప్పేసింది. 2000లో కాలిఫోర్నియా తీరంలోనూ బయటపడింది. దాన్ని పూర్తిగా తుడిచిపెట్టామని ప్రకటించడానికి 2006 దాకా పట్టింది.

అక్కర్లేని మొక్కను ఇంకో అభిరుచి గలవాళ్లకు ఇవ్వండి, కుండీతో సహా. తీసుకునేవాళ్లు లేకపోతే వేళ్లు, కాండం ముక్కలు చేసి, బాగా ఎండబెట్టి, సంచిలో కట్టి చెత్తలో వేయండి. సంప్‌లోంచి తీసిన నాచును కనీసం ఒక రోజంతా ఫ్రీజర్‌లో ఉంచి తర్వాత పారేయండి. తొట్టె నీళ్లు వాననీటి కాలువలో, చెరువులో, తోటలో పోయకుండా ఇంటి మురుగుకాలువలోకే వదలండి. ఆ నీళ్లలో ఇంకా జోయాంథిడ్ ముక్కలు ఉన్నాయేమో అని అనుమానం ఉంటే, ముందుగా జాలీలో వడగట్టి, తొడుగులు తీయకుండానే బకెట్ కడిగి బోర్లించండి.